సెకనుకు వెయ్యి చుట్లు

వేసవి రాత్రుల్లో దక్షిణం వైపు చూస్తే ఆకాశంలో తేలు ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది. దాని కొండి దగ్గర మెరిసే చుక్కే మన పంచాంగాల్లోని మూలా నక్షత్రం. అక్కణ్ణుంచి మూడు డిగ్రీలు ఉత్తరానికి, అంటే చేయి చాచి పట్టుకున్న రెండు వేళ్ల వెడల్పంత పక్కకు జరిగితే, కంటికి ఏమీ ఆనని ఒక చోటు ఉంది. ఎక్స్-కిరణాలను చూడగల పరికరానికి మాత్రం ఆ చోటు దేదీప్యమానంగా ఉంటుంది. దాని పేరు 4యూ 1728-34. ఉహురు అనే ఉపగ్రహం సేకరించిన వివరాలతో తయారైన నాలుగో జాబితాలో, ఖగోళ రేఖాంశం 17 గంటల 28 నిమిషాలు, అక్షాంశం మైనస్ 34 డిగ్రీలు ఉన్న వస్తువు అని దాని అర్థం.

దాదాపు 15 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ చోట రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. ఒకటి న్యూట్రాన్ నక్షత్రం. ఎప్పుడో పేలిపోయిన ఒక పెద్ద నక్షత్రం లోపల మిగిలిన ముద్ద అది. సూర్యుడిలో ఉన్నదానికి మించిన పదార్థం, హైదరాబాదు నగరంలో ఇమిడిపోయే పాతిక కిలోమీటర్ల గోళంలో కూరుకుపోయి ఉంటుంది. రెండోది దాని గురుత్వానికి చిక్కి తన వాయువును కొంచెం కొంచెంగా పోగొట్టుకుంటున్న చిన్న నక్షత్రం. ఆ వాయువు న్యూట్రాన్ తారను చేరే ముందు వెలువరించే ఎక్స్-కిరణాలు నిలకడగా ఉండవు. సెకనుకు వెయ్యి సార్లకు అటూ ఇటూగా పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. 1996లో కనిపెట్టిన ఈ డోలనాలకు కచ్చితమైన కారణం ఏమిటో ఇప్పటికీ అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. కారణం తేలకపోయినా ఆ అంకె ఒక్కటే చేతిలో పెట్టుకుని ఇంత దూరాన ఉన్న నక్షత్రం ఎంత బరువుండవచ్చో, ఎంత వెడల్పుండవచ్చో హద్దులు గీయవచ్చు. ఖగోళ శాస్త్రంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్న తర్కాల్లో ఇది ఒకటి.

ఎక్స్-కిరణ ఖగోళ శాస్త్రం పుట్టుకే అనుకోకుండా జరిగింది. 1962 జూన్ 18న అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో వైట్ శాండ్స్ నుంచి రికార్డో జకోనీ బృందం ఒక చిన్న రాకెట్‌ను ఎగరేసింది. సూర్యుడి ఎక్స్-కిరణాలు తగిలి చంద్రుడి నేల కూడా ఎక్స్-కిరణాలు వెలువరిస్తుందా అన్నది వాళ్ల ప్రశ్న. రాకెట్ వాతావరణం పైన ఉన్నది కొద్ది నిమిషాలే. చంద్రుడి సంగతి తేలలేదు గాని, వృశ్చిక రాశి వైపు నుంచి ఎవరూ ఊహించనంత ఎక్స్-కిరణ కాంతి వచ్చింది. సూర్యుణ్ణి మినహాయిస్తే మనిషి చూసిన మొదటి ఎక్స్-కిరణ నక్షత్రం అది. దానికి స్కార్పియస్ ఎక్స్-1 అని పేరు పెట్టారు. నలభై ఏళ్ల తర్వాత, 2002లో, జకోనీకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కాంతికి మూలం తోటి నక్షత్రం నుంచి వాయువును లాక్కుంటున్న న్యూట్రాన్ నక్షత్రమై ఉండాలని సోవియట్ శాస్త్రవేత్త ఇయోసిఫ్ ష్క్లోవ్‌స్కీ 1967లో అన్నాడు. అప్పటికి న్యూట్రాన్ నక్షత్రం కాగితం మీద లెక్క మాత్రమే. జోసిలిన్ బెల్ మొదటి పల్సార్‌ను, అంటే తిరుగుతూ లయగా మెరిసే న్యూట్రాన్ నక్షత్రాన్ని, గమనించింది ఆ ఏడాదిలోనే.

ఇంత కాంతి ఎక్కణ్ణుంచి వస్తుంది? న్యూట్రాన్ తార ఉపరితలం మీద గురుత్వాకర్షణ భూమి మీద కంటే పదివేల కోట్ల రెట్లకు పైగా ఉంటుంది. దూరం నుంచి వదిలేసిన వస్తువు ఉపరితలాన్ని తాకేసరికి కాంతి వేగంలో సగానికి మించిన వేగం అందుకుంటుంది. ఒక గ్రాము హైడ్రోజన్‌ను సూర్యుడు తన గర్భంలో హీలియంగా మార్చితే వచ్చే శక్తి కంటే, అదే గ్రాము న్యూట్రాన్ తార మీద పడితే విడుదలయ్యే శక్తి ఇరవై రెట్లు ఎక్కువ. విశ్వంలో కేంద్రక సంలీనాన్ని ఇంత సునాయాసంగా మించిపోయే ఏర్పాట్లు చాలా తక్కువ.

అయితే తోటి నక్షత్రం నుంచి జారిన వాయువు నేరుగా వచ్చి పడిపోదు. రెండు నక్షత్రాలూ తిరుగుతున్నాయి కనుక ఆ వాయువుకూ కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది, దాన్ని వదిలించుకుంటే తప్ప లోపలికి దిగలేదు. అందుకే తార చుట్టూ పలచని చక్రంలా పరుచుకుని తిరుగుతూ, కోణీయ ద్రవ్యవేగాన్ని బయటి పొరలకు అప్పగిస్తూ, కొంచెం కొంచెంగా లోపలికి జరుగుతుంది. పొరల మధ్య జరిగే ఈ రాపిడిలో అసలు పని అయస్కాంత క్షేత్రాల అల్లకల్లోలానిదని ఇప్పటి అవగాహన. లోపలి అంచు దగ్గర ఉష్ణోగ్రత కోటి డిగ్రీలకు చేరుతుంది. అంత వేడెక్కిన వాయువు వెలిగేది ఎక్స్-కిరణాల్లోనే.

ఇక్కడ కొన్ని అంకెలు చూడాలి. న్యూట్రాన్ తార బరువు సూర్యుడికి 1.4 రెట్లు అనుకుందాం. దాని కేంద్రం నుంచి వెయ్యి కిలోమీటర్ల దూరంలో తిరిగే వాయువు సెకనుకు రెండు చుట్లు చుడుతుంది. వంద కిలోమీటర్ల దూరంలో సుమారు 70 చుట్లు. 15 కిలోమీటర్ల దూరంలో దాదాపు 1,200 చుట్లు. ఆ చివరి కక్ష్యలో వేగం సెకనుకు లక్షా పదివేల కిలోమీటర్లు, అంటే కాంతి వేగంలో మూడో వంతుకు మించి. భూమి చుట్టూ తిరగడానికి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి గంటన్నర పడుతుంది. ఇక్కడ ఒక చుట్టు మిల్లీసెకనులోపే అయిపోతుంది. కెప్లర్ నాలుగు వందల ఏళ్ల కిందట గ్రహాల కోసం రాసిన నియమమే ఇక్కడా పనిచేస్తోంది: ఎన్ని చుట్లో తెలిస్తే ఎంత దూరమో తెలుస్తుంది. కనుక న్యూట్రాన్ తార గుమ్మం దాకా వెళ్లి చూడాలంటే మిల్లీసెకనును ముక్కలు చేసి చూడగల పరికరం కావాలి.

అన్ని న్యూట్రాన్ తారలూ వాయువును అంత దగ్గరకు రానివ్వవు. చిన్న వయసు పల్సార్ల అయస్కాంత క్షేత్రం లక్ష కోట్ల గౌస్ దాకా ఉంటుంది. అది వాయు చక్రాన్ని వేల కిలోమీటర్ల దూరంలోనే ఆపి, వాయువును ధ్రువాల వైపు మళ్లిస్తుంది. మనం చెప్పుకుంటున్న జంటలు చాలా పాతవి. వీటిలో న్యూట్రాన్ తార క్షేత్రం అందులో పదివేలో వంతుకు తగ్గిపోయి ఉంటుంది. చక్రం దాదాపు ఉపరితలం దాకా దిగగలదు. వేగవంతమైన డోలనాలు కనిపించేది ఇలాంటి ముసలి జంటల్లోనే.

మిల్లీసెకనులను చూడగల పరికరం 1995 డిసెంబర్ 30న నింగికెక్కింది. నాసా ప్రయోగించిన ఆ ఉపగ్రహానికి ఎక్స్-కిరణ ఖగోళ శాస్త్రానికి బాట వేసిన బ్రూనో రోసీ పేరు పెట్టారు. రోసీ ఎక్స్-కిరణ కాల పరిశోధక ఉపగ్రహం, పొట్టిగా ఆర్‌ఎక్స్‌టీఈ. అది అందమైన బొమ్మలు తీసే టెలిస్కోపు కాదు. అందులోని ముఖ్య పరికరం గ్యాస్ నింపిన ఐదు పెద్ద పెట్టెలు, మొత్తం కలిపి ఆరున్నర వేల చదరపు సెంటీమీటర్ల వైశాల్యం. ఒక్కో ఎక్స్-కిరణ ఫోటాన్ లోపలికి వచ్చిన క్షణాన్ని మైక్రోసెకను కచ్చితత్వంతో నమోదు చేయగలదు. దాని పనంతా కాలాన్ని కొలవడమే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 4యూ 1728-34 నుంచి ఆర్‌ఎక్స్‌టీఈ పెట్టెల్లోకి వచ్చే ఫోటాన్లు మామూలుగా సెకనుకు రెండు వేల చిల్లర. డోలనం సెకనుకు వెయ్యి సార్లు. అంటే ఒక డోలనానికి రెండు ఫోటాన్లు! కాంతి పెరుగుదల తరుగుదలలు సగటులో పదో వంతు మించవు. ఒక పూర్తి డోలనంలో మనకు అందే ఆధారం ఒక ఫోటాన్‌లో చిన్న ముక్క. కాంతిని గ్రాఫుగా గీస్తే అందులో డోలనం జాడ ఎంత వెతికినా కనిపించదు, చుక్కల గందరగోళమే ఉంటుంది.

దాన్ని పట్టుకునే ఉపాయం ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త ఫూరియే పేరుతో ఉన్న పద్ధతి. వెయ్యి సెకన్ల పాటు వచ్చిన ఫోటాన్ల సమయాలన్నీ తీసుకుంటే అందులో పది లక్షల డోలనాలు ఉంటాయి. వాటిని చిన్న చిన్న కాలఖండాలుగా విడగొట్టి, ప్రతి ఖండంలో సెకనుకు ఒక సారి, రెండు సార్లు, వెయ్యి సార్లు, రెండు వేల సార్లు మారే అంశం ఎంతెంత ఉందో లెక్క కట్టి, అన్ని ఖండాల ఫలితాలనూ సగటు చేస్తారు. ఫోటాన్లు ఇష్టం వచ్చినట్టు రావడం వల్ల పుట్టే గోల అన్ని పౌనఃపున్యాల్లోనూ సమానంగా పరుచుకుని చదునుగా కనిపిస్తుంది. నిజమైన డోలనం ఉంటే తన పౌనఃపున్యం దగ్గర గుట్టలా పైకి లేస్తుంది. జాతర హోరులో ఎక్కడో దూరాన మోగుతున్న డప్పు ఒక్క దెబ్బగా వినబడదు, కాసేపు నిలబడి చెవి పెడితే దరువు మాత్రం చెవికి చిక్కుతుంది. ఇదీ అలాంటిదే, కాకపోతే ఇక్కడ చెవి పెట్టేది కంప్యూటరు.

ఆ గుట్ట సన్నగా సూదిలా ఉంటే దరువు తప్పని గడియారం అన్నమాట. ఈ డోలనాల్లో కనిపించే గుట్ట కొంచెం వెడల్పుగా ఉంటుంది. 800 హెర్ట్జ్ (అంటే సెకనుకు 800 సార్లు) దగ్గర మొదలై కాసేపటికి 830కి, మర్నాడు 900కు మారవచ్చు. దరువు ఉంది గాని నిలకడ లేదు. అందుకే వీటిని క్వాసీ-పీరియాడిక్ ఆసిలేషన్స్, క్లుప్తంగా క్యూపీఓ అంటారు. నెమ్మదైన క్యూపీఓలు అంతకు ముందే తెలుసు. 1985లో ఐరోపా ఉపగ్రహం ఎక్సోశాట్ పంపిన సమాచారంలో మిఖియెల్ వాన్ డెర్ క్లిస్ బృందం జీఎక్స్ 5-1 అనే జంటలో సెకనుకు 20 నుంచి 40 డోలనాలు చూసింది. ఆ అంకెకు సరిపడే కక్ష్య తార నుంచి చాలా దూరంలో ఉంటుంది. గుమ్మం దగ్గరి సంగతులు చెప్పగల అంకె కోసం మరో పదేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఉపగ్రహం పైకెళ్లిన రెండు నెలల్లోపే, 1996 ఫిబ్రవరిలో, ఫలితం వచ్చింది. వాన్ డెర్ క్లిస్ బృందం స్కార్పియస్ ఎక్స్-1లో 1,100 హెర్ట్జ్ దగ్గర డోలనాలు చూసింది. టాడ్ స్ట్రోమేయర్ బృందం 4యూ 1728-34లో అలాంటివే చూసింది. తర్వాత ఇరవైకి పైగా జంటల్లో ఇవి దొరికాయి. చాలా వాటిలో ఒకటి కాదు, రెండు గుట్టలు కనిపిస్తాయి. వాయువు రాక పెరిగినకొద్దీ రెండూ పైకి జరుగుతాయి, మధ్య దూరం మాత్రం దాదాపు 300 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది.

4యూ 1728-34లో అంతకంటే విశేషమైనది ఇంకొకటి దొరికింది. న్యూట్రాన్ తార మీద పోగుపడిన హైడ్రోజన్, హీలియం తమ బరువుకు తామే నలిగి వేడెక్కి ఒక్కసారిగా అంటుకుంటాయి. ఉపరితలమంతా హైడ్రోజన్ బాంబు పేలినట్టే. సూర్యుడు రోజుల తరబడి వెలువరించే శక్తి కొన్ని సెకన్లలో బయటికి వస్తుంది. కొద్ది గంటల్లో మళ్లీ ఇంధనం పోగుపడి ఇంకో పేలుడు. ఈ ఎక్స్-కిరణ విస్ఫోటాలు 1975 నుంచి తెలిసినవే. స్ట్రోమేయర్ బృందం చూసింది ఏమిటంటే, విస్ఫోటం జరుగుతున్న ఆ కొద్ది సెకన్లలో కాంతి సెకనుకు 363 సార్లు కొట్టుకుంటోంది. ఇది క్యూపీఓలా ఊగిసలాడే అంకె కాదు. ఏ విస్ఫోటంలో చూసినా 363కు ఒకటి రెండు హెర్ట్జ్ అటూ ఇటూ.

దీని వివరణ సహజంగానే స్ఫురిస్తుంది. మంట ఉపరితలమంతా ఒకేసారి అంటుకోదు. ఒక చోట మొదలై పాకుతుంది. తార తన చుట్టూ తాను తిరుగుతుంటే ఆ వేడి మచ్చ మన వైపు వచ్చినప్పుడు కాంతి పెరుగుతుంది, అవతలికి పోయినప్పుడు తగ్గుతుంది. కాబట్టి 363 అనేది తార ఆత్మభ్రమణ వేగం. విస్ఫోటం మొదట్లో డోలనం బలంగా ఉండి, మంట వ్యాపించినకొద్దీ బలహీనపడటం ఈ ఊహకు సరిగ్గా సరిపోయింది. ఒక పర్వతమంత ఎత్తు కూడా నిలవలేని ఆ గోళం సెకనుకు 363 సార్లు తిరుగుతోందంటే దాని మధ్యరేఖ మీద వేగం సెకనుకు 25 వేల కిలోమీటర్లకు మించుతుంది.

ఇంత వేగం దానికి ఎలా వచ్చింది అన్న ప్రశ్నకు జవాబు అప్పటికే సిద్ధంగా ఉండటం, అందులో ఒక భాగం బెంగళూరులో తయారవడం మనం గుర్తుంచుకోవాల్సిన విషయం. 1982లో డొనాల్డ్ బ్యాకర్, శ్రీనివాస్ కులకర్ణి తదితరులు సెకనుకు 642 సార్లు తిరిగే రేడియో పల్సార్‌ను కనుగొన్నారు. పల్సార్లు వయసుతో పాటు నెమ్మదించాలి, ఇది మాత్రం ముసలిదై ఉండి పరుగెత్తుతోంది. అదే ఏడాది రామన్ పరిశోధన సంస్థలో వి. రాధాకృష్ణన్, జి. శ్రీనివాసన్ ఒక పరిష్కారం చూపారు. అమెరికాలో ఆల్పర్, చెంగ్, రుడెర్మన్, షాహమ్ కూడా విడిగా అదే మాట చెప్పారు. జంటలోని తోటి నక్షత్రం నుంచి వచ్చి పడే వాయువు తనతో తెచ్చిన కోణీయ ద్రవ్యవేగాన్ని న్యూట్రాన్ తారకు ఇచ్చి, కోట్ల సంవత్సరాల్లో దాన్ని మళ్లీ వేగంగా తిప్పుతుందని వాళ్ల వాదన. అదే నిజమైతే ఎక్స్-కిరణ జంటల్లో మిల్లీసెకను వేగంతో తిరిగే తారలు దొరకాలి. 363 ఆ దిశలో బలమైన సూచన. తిరుగులేని రుజువు 1998 ఏప్రిల్‌లో వచ్చింది. శాక్స్ జె1808.4-3658 అనే జంటలో రూడీ వైనాండ్స్, వాన్ డెర్ క్లిస్ సెకనుకు కచ్చితంగా 401 సార్లు కొట్టుకునే ఎక్స్-కిరణ పల్సార్‌ను చూశారు. 2002లో అదే తార మీద విస్ఫోటాలు జరిగినప్పుడు అవీ 401 హెర్ట్జ్ దగ్గరే కొట్టుకున్నాయి. విస్ఫోట డోలనం అంటే ఆత్మభ్రమణమే అన్న మాటకు ఇక సందేహం మిగల్లేదు.

ఇప్పుడు ఆ రెండు గుట్టల సంగతి. 4యూ 1728-34లో గుట్టల మధ్య దూరం మొదట్లో 363కు దగ్గరగా కనిపించింది. పై గుట్ట చక్రం లోపలి అంచులోని కక్ష్యా పౌనఃపున్యం, కింది గుట్ట ఆ కక్ష్యకూ తార భ్రమణానికీ మధ్య తేడా అనుకుంటే లెక్క కుదిరింది. చాలామందికి అదే జవాబని అనిపించింది. నేను ఆనాటి పత్రాలను చదివినప్పుడు వాటిలోని ఉత్సాహం ఇప్పటికీ తగులుతుంది. కాని కొలతలు మెరుగవగానే చిక్కులు మొదలయ్యాయి. స్కార్పియస్ ఎక్స్-1లో గుట్టలు పైకి జరిగినకొద్దీ మధ్య దూరం తగ్గుతోంది. 4యూ 1728-34లోనూ ఆ దూరం ఎప్పుడూ 363 కంటే తక్కువే, కొన్నిసార్లు 280 దాకా పడిపోతుంది. తార భ్రమణం రోజుకో రకంగా మారదు కదా. 2002లో 401 హెర్ట్జ్ పల్సార్‌లోనే రెండు గుట్టలు కనిపించాయి. మధ్య దూరం దాదాపు 195, అంటే భ్రమణంలో సగం. మొదటి నమూనాకు అది చావుదెబ్బ.

తర్వాత వచ్చిన నమూనాలు చాలానే. లుయిజీ స్టెల్లా, మారియో వియెత్రీ కింది గుట్టను కక్ష్య దిశ తిరగడంతో ముడిపెట్టారు. ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో బుధగ్రహ కక్ష్య తిరిగినట్టే, కానీ ఊహకందనంత వేగంగా. ఇంకొందరు చక్రంలో 3:2 నిష్పత్తి అనునాదాలను వెతికారు. ఒక్కొక్కటీ కొన్ని జంటలకు సరిపోతుంది, మిగతావాటి దగ్గర తడబడుతుంది. నా దృష్టిలో ఏ నమూనా గెలిచిందో చెప్పడానికి తొందరపడాల్సిన అవసరం లేదు, ఎందుకంటే అన్ని నమూనాలూ దాదాపు ఒప్పుకునే ఒక సంగతి ఉంది. పై గుట్ట పౌనఃపున్యం చక్రంలో ఎక్కడో ఒక కక్ష్యకు చెందినది. ఆ ఒక్క మాట చాలు.

1998లో కోల్ మిల్లర్, ఫ్రెడరిక్ ల్యాంబ్, దిమిత్రియోస్ సాల్టిస్ చూపిన తర్కం ఇలా సాగుతుంది. సెకనుకు 1,200 సార్లు తిరుగుతున్న వాయువు ఉందంటే అది తిరిగే కక్ష్య తారకు బయట ఉండి తీరాలి. కనుక తార వ్యాసార్ధం ఆ కక్ష్య వ్యాసార్ధం కంటే తక్కువ. ఇది ఒక గోడ. రెండో గోడ ఐన్‌స్టీన్ కట్టినది. న్యూటన్ లెక్కలో ఎంత దగ్గరగానైనా స్థిరంగా తిరగవచ్చు. సాధారణ సాపేక్షతలో అలా కుదరదు. ఒక హద్దు దాటి లోపలికి వెళితే స్థిర కక్ష్య ఉండదు, వాయువు మెలికలు తిరుగుతూ పడిపోవడమే. భ్రమణం లేని 1.4 సూర్యుల బరువున్న తారకు ఆ హద్దు 12.4 కిలోమీటర్లు, అక్కడి కక్ష్యా పౌనఃపున్యం సుమారు 1,570 హెర్ట్జ్. బరువు పెరిగితే హద్దు బయటికి జరుగుతుంది, పౌనఃపున్యం తగ్గుతుంది. రెండు సూర్యుల బరువుకు 1,100 హెర్ట్జ్ మాత్రమే. కాబట్టి 1,200 హెర్ట్జ్ స్థిరమైన కక్ష్యదే అయితే ఆ తార బరువు సుమారు 1.8 సూర్యులను మించదు, వ్యాసార్ధం 16 కిలోమీటర్లను మించదు. తార భ్రమణాన్ని లెక్కలోకి తీసుకుంటే ఈ అంకెలు కొంచెం సడలుతాయి, అంతే. వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వస్తువు వెడల్పు గురించి, దాన్ని ఒక చుక్కగా కూడా విడదీసి చూడకుండా, ఫోటాన్ల రాకను లెక్కపెట్టి ఇంత మాట చెప్పగలగడం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా అబ్బురమే.

ఆ 16 కిలోమీటర్లు దేనికి అంటే, న్యూట్రాన్ తార లోపలి పదార్థం పరమాణు కేంద్రకం కంటే సాంద్రమైనది. అలాంటి పదార్థాన్ని ఇంత పెద్ద మొత్తంలో ఏ ప్రయోగశాలలోనూ తయారు చేయలేం. ఒత్తిడికి అది ఎంత ఎదురు తిరుగుతుందో సిద్ధాంతాలు రకరకాలుగా చెబుతాయి. గట్టిగా ఎదురు తిరిగే పదార్థమైతే తార పెద్దగా ఉంటుంది, మెత్తగా లొంగేదైతే చిన్నగా. వ్యాసార్ధానికి వేసిన ప్రతి హద్దూ కొన్ని సిద్ధాంతాలను కొట్టేస్తుంది. ఇంతవరకు కచ్చితంగా చూసిన డోలనాలేవీ 1,300 హెర్ట్జ్ చుట్టుపక్కల దాటి పెద్దగా పైకి పోలేదు. 1,500 దగ్గర నమ్మదగిన గుట్ట ఒకటి దొరికితే చాలా సిద్ధాంతాలు ఒక్కరోజులో ఇబ్బందిలో పడతాయి.

ఆ హద్దును నేరుగా చూశామని ఒకసారి అనిపించింది కూడా. 4యూ 1820-30 అనే జంట ఎన్‌జీసీ 6624 అనే నక్షత్ర గుచ్ఛంలో ఉంది. రెండు నక్షత్రాలూ 11 నిమిషాలకో చుట్టు తిరిగేంత దగ్గరగా ఉంటాయి. అందులో ఎక్స్-కిరణ కాంతి పెరిగినకొద్దీ పై గుట్ట పైకి పోయి 1,060 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయిందని, కాంతి ఇంకా పెరిగినా అది కదల్లేదని 1998లో విలియం జాంగ్, జీన్ స్వాంక్ తదితరులు ప్రకటించారు. చక్రం చివరి స్థిర కక్ష్యను చేరిందన్నమాట! అప్పుడు తార బరువు సుమారు 2.2 సూర్యులు కావాలి. కాని కాంతికీ పౌనఃపున్యానికీ మధ్య సంబంధం అంత సూటిగా లేదని ఇతర జంటల్లో తేలింది. కొన్ని గంటల పాటు రెండూ కలిసి పెరుగుతాయి. రెండు రోజుల తర్వాత చూస్తే అదే కాంతికి పౌనఃపున్యం వేరేగా ఉంటుంది. గ్రాఫులో సమాంతర గీతల గుంపులా కనిపించే ఈ ప్రవర్తన ఆ తీర్పును తిరిగి తెరిచింది. నేను ఆ మొదటి ప్రకటనను నమ్మాలనే అనుకుంటాను, కాని ఆ సమాంతర గీతలకు జవాబు లేకుండా దాన్ని రుజువుగా తీసుకోలేం.

తెలుగు నేలకు ఈ విషయంతో పాత సంబంధమే ఉంది. టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1968లో హైదరాబాదు నుంచి ఎగరేసిన బెలూనులో ఎక్స్-కిరణ పరికరాన్ని పైకి పంపి స్కార్పియస్ ఎక్స్-1నే గమనించారు. ఎక్స్-కిరణాలను వాతావరణం మింగేస్తుంది కనుక గాలిలో దాదాపు మొత్తం కిందికి వదిలేసేంత ఎత్తుకు బెలూను వెళ్లాలి. అదే సంస్థ నాలుగున్నర దశాబ్దాల తర్వాత భారత ఉపగ్రహం ఆస్ట్రోశాట్ కోసం లాక్స్‌పీసీ అనే పరికరాన్ని నిర్మించింది. మూడు పెద్ద గ్యాస్ పెట్టెలు, ఫోటాన్ రాకను పది మైక్రోసెకన్ల తేడాతో గుర్తించే శక్తి. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 ఆస్ట్రోశాట్‌ను కక్ష్యలో పెట్టింది. ఆర్‌ఎక్స్‌టీఈ 2012 జనవరిలోనే విశ్రాంతి తీసుకుంది. మూడేళ్లకు పైగా కిలోహెర్ట్జ్ డోలనాలను ఆ స్థాయిలో చూడగల పెద్ద పరికరం ఆకాశంలో లేకుండా పోయిన సమయంలో ఆస్ట్రోశాట్ వచ్చింది.

2016 మార్చిలో ఆస్ట్రోశాట్ మన పాత చిరునామా వైపే తిరిగింది. ఆ పరిశీలనలో 4యూ 1728-34 మీద ఒక విస్ఫోటం జరిగింది. అందులో 363 హెర్ట్జ్ డోలనం కనిపించింది. విస్ఫోటానికి ముందు 815 హెర్ట్జ్ దగ్గర మొదలై నెమ్మదిగా పైకి జరిగిన కిలోహెర్ట్జ్ గుట్ట కూడా దొరికింది. ఇరవై ఏళ్ల తర్వాత, వేరే దేశం పరికరంతో, అదే 363. ఆ తార గడియారం తప్పలేదు. కిలోహెర్ట్జ్ డోలనాల బలం ఎక్కువ శక్తి ఉన్న ఫోటాన్లలో పెరుగుతుంది. లాక్స్‌పీసీ పెట్టెలు 3 నుంచి 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా చూడగలవు కాబట్టి, ఆ ఫోటాన్లను ఆర్‌ఎక్స్‌టీఈ కంటే సమర్థంగా పట్టుకోగలిగాయి. మూడు పెట్టెల్లో ఒకటి గ్యాస్ కారిపోవడంతో 2018లో ఆగిపోయింది, మరొకదాని పనితీరు నిలకడ కోల్పోయింది.

అది ఎంత నష్టమో డోలనాల లెక్క తెలిస్తేనే అర్థమవుతుంది. క్యూపీఓలను పట్టుకోవడంలో పరిశీలన సమయాన్ని నాలుగు రెట్లు పెంచితే సంకేతం గోల నుంచి రెండు రెట్లే ఎక్కువ పైకి లేస్తుంది. అదే ఫోటాన్ల సంఖ్యను, అంటే పెట్టెల వైశాల్యాన్ని, రెట్టింపు చేస్తే సంకేతమూ రెట్టింపు అవుతుంది. మూడు పెట్టెలు ఒక్క రోజులో చూసేదాన్ని ఒక్క పెట్టె చూడాలంటే తొమ్మిది రోజులు కావాలి. అప్పటికి గుట్ట ఎక్కడికో జరిగిపోయి ఉంటుంది. ఇప్పుడు ఒక డోలనానికి రెండు ఫోటాన్లు వస్తున్న చోట ఇరవై వస్తే, లక్షల డోలనాల సగటు మీద ఆధారపడనక్కర లేదు. గుట్ట ఒక కక్ష్య నుంచి మరో కక్ష్యకు జరుగుతున్న తీరును క్షణక్షణం వెంబడించవచ్చు, వాయువు చివరి స్థిర కక్ష్య అంచు దాటుతున్నప్పుడు ఏమవుతుందో నేరుగా పరీక్షించవచ్చు. కింది గుట్ట ఏమిటన్న ప్రశ్నకూ, 4యూ 1820-30లో ఆ ఆగిపోవడం నిజమా కాదా అన్న ప్రశ్నకూ ఇప్పుడు అడ్డం వస్తున్నది చాలావరకు ఫోటాన్ల కొరతే. సిద్ధాంతాలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి, కావలసింది ఆర్‌ఎక్స్‌టీఈ కంటే పదింతలు పెద్ద పెట్టె.